మా అత్తమ్మ, మా ఇంటి పెంకులు

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు బొల్లారంలో అందింది. చిన్నమ్మ కూతురి పెళ్లికని పుట్టింటికి వెళ్లి ఉన్నాను. ఎసట్లో పప్పు పోస్తుండగా, రెజిమెంటల్ బజార్‌లో మా పక్కింట్లో ఉండే ఖాలా కొడుకు వాకిట్లో సైకిలు దిగాడు. లోపలికి రాలేదు. సైకిలు పట్టుకునే నిలబడి, "అక్కా, పెద్దమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది. మల్ల లేవలె" అన్నాడు.

నా నోట మొదట వచ్చిన మాట చెబితే మీరు నన్నేమనుకుంటారో తెలియదు. "పెంకులు దించిన్రా?" అని అడిగాను.

"లేదక్కా. ఇంక పెంకులు సర్దే చాచాకు కబురే పంపలె" అన్నాడు ఆ అబ్బాయి. ఎందుకడిగావని అతను అడగలేదు. మా ఇంటి పెంకుల సంగతి మా గల్లీలో తెలియనివాళ్లు లేరు.

జట్కాలో వస్తున్నంతసేపూ దారి పొడుగునా ఇళ్ల కప్పులే చూస్తూ కూర్చున్నాను. ఏడవాలని ఉంది, ఏడుపు రాదు. ఎండలు ముదిరి, వానలకు ఇంకా కొద్ది రోజులున్న కాలం. ప్రతి ఇంటి మీదా ఎవరో ఒకరు కూర్చుని పెంకులు తిప్పుతున్నారు. కొన్ని ఇళ్ల మీద కొత్త జింకు రేకులు కళ్లు మిరుమిట్లు గొలిపేట్టు మెరుస్తున్నాయి. మా ఇల్లు మాత్రం ఈ ఏడూ ఏ సంగతీ తేలకుండానే ఉంది. తేల్చవలసిన మనిషి వెళ్లిపోయింది.

ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. కుదురుగా రాయడం నాకు చేతకాదు. రాస్తూ రాస్తూ లేచి వెళ్లి చూరు చూసి వస్తున్నాను.

మా అత్తమ్మకు ఒక అలవాటు ఉండేది. చేతికందిన దేన్నయినా వేలి కణుపుతో కొట్టి, తల ఒక పక్కకు వంచి వినేది. కుండ, కొబ్బరికాయ, తలుపు, పెట్టె, ఏదైనా సరే. నేను కాపురానికి వచ్చిన నాడు గడప లోపల కాలు పెట్టి తల వంచుకుని నిలబడితే, నా నడినెత్తి మీద కూడా మెల్లగా ఒకటి కొట్టింది. "మంచిగనే మోగుతున్నది" అన్నది. అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చిన్నప్పటి నుంచీ బిడియం ఎక్కువ. నాలుగో తరగతిలో పద్యం అప్పజెప్పమంటే గొంతు పెగలక నిలబడిపోయేదాన్ని. ఈ ఇంట్లో ఎలా నెగ్గుకొస్తానా అని ఆ రోజు భయపడ్డాను.

మా గల్లీలో ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒక కప్పు ఎక్కితే చుట్టుపక్కల ఇళ్ల వాకిళ్లన్నీ కనబడతాయి. స్నానాల గదులకు పైకప్పులుండవు. పక్కింటి ఖాలా వాళ్లు ముసల్మానులు, ఆ ఇంట్లో ఆడవాళ్లు పర్దా పాటిస్తారు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెంకులు సర్దే మనిషి నిచ్చెన వేయకముందే గల్లీలో నిలబడి, "పైకెక్కుతున్న! పర్దా చూస్కోండ్రమ్మా!" అని కేక వేయాలి. ఆ ఇంటి పెద్ద ఆడమనిషి చుట్టుపక్కల అందరూ లోపలికి పోయారో లేదో కనుక్కుని, గల్లీ అంతా వినబడేట్టు "ఎక్కు!" అనాలి. ఆ మాట వినబడితే తప్ప నిచ్చెన లేవదు. మగవాళ్లు చెబితే చెల్లదు. మాకు పెంకులు సర్దేది ఒక ముసలాయన. గల్లీ అంతా ఆయన్ని చాచా అనే పిలుస్తుంది. ఆయన కేకకు మా అత్తమ్మ ఇచ్చే జవాబు బజారు మలుపు దాకా వినబడేది.

అసలు సంగతి పోలీసు చర్య జరిగిన ఏడాది ఎండాకాలంలో మొదలైంది. అప్పటికి నేను కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఊళ్లో ఎవరిని కదిపినా ఒకటే మాట, ఉందామా, పోదామా. రజాకార్లు ఫలానా ఊరు తగలబెట్టారట అని ఒకరు, రైల్లో ఫలానావాళ్లను దింపేశారట అని ఇంకొకరు. మా ఎదురు వరసలో ఇళ్లు ఒకటొకటే తాళాలు పడుతున్నాయి. మా ఆయన రైల్వే గూడ్సు షెడ్డులో పని. రోజూ ఒక కొత్త వదంతి మోసుకొచ్చేవారు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవారు, తినేవారు కాదు. బెజవాడలో మా ఆడబిడ్డ ఉంది. అక్కడికి వెళ్లిపోదామని ఆయన పట్టు. ట్రంకు పెట్టె సర్ది గుమ్మం పక్కన పెట్టించారు. రోజూ దాంట్లోంచి ఏదో ఒకటి అవసరమై తీయడం, సాయంత్రం మళ్లీ సర్దడం నా పని.

సరిగ్గా అప్పుడే కప్పు మాట వచ్చింది. ఏటా లాగే చాచా వచ్చి చూశాడు. కిందికి దిగి చేతులు దులుపుకుంటూ, "అక్కా, ఈసారి అతుకులతోటి కాదు. కింద వెదురంత పుచ్చిపోయింది. మొత్తం దించి కట్టె మార్చాలె, లేకుంటే పెంకులు పీకేసి రేకులన్న ఏయాలె" అని చెప్పాడు.

"రేకులు యాడ దొరుకుతయి ఇప్పుడు?" అన్నది అత్తమ్మ. నిజమే. బయటి నుంచి సరుకు రావడం ఆగిపోయింది. కిరసనాయిలుకే కటకటగా ఉంది.

మా ఆయన విసుక్కున్నారు. "పోయేటోళ్లకు కప్పెందుకమ్మా? నాలుగు పెంకులు మార్పించి తాళమేసి పోదాం. బతికుంటే వచ్చినంక చూద్దాం."

"తలుపుకు తాళమేస్తవు. కప్పుకు ఏమేస్తవు?" అన్నది ఆమె.

"నువ్వు కప్పు కప్పు అంటున్నవ్. అక్కడ మనుషులే పోతున్నరు."

"నేను పోవద్దన్ననారా? కప్పు సంగతి తేల్చి పోదామన్న."

ఆ మాట మీదే వాళ్లిద్దరూ ఎన్ని పూటలు వాదించుకున్నారో. పైపైన అతికిస్తే వెళ్లిపోతున్నట్టు. మొత్తం విప్పి కట్టిస్తే ఉంటున్నట్టు. వాళ్లు మాట్లాడేది పెంకుల గురించే, తేల్చుకోలేనిది మాత్రం మా బతుకు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా నోరు తెరిచేదాన్ని కాదు. కానీ లోలోపల ఒక్కచోట నిలవలేకపోయేదాన్ని. పొయ్యి దగ్గర ఉంటే గుమ్మం వైపు, గుమ్మం దగ్గర ఉంటే పెట్టె వైపు చూసేదాన్ని.

చివరికి మా ఆయన ప్రయాణం ఖాయం చేసి, ఆ సంగతి చెప్పి డ్యూటీకి వెళ్లారు. ఆయన గల్లీ మలుపు తిరిగాక అత్తమ్మ చాచాకు కబురు పంపింది. చాచా కేక వేశాడు. ఆమె వాకిట్లోకి వెళ్లి, గోడ మీదుగా ఖాలాను లోపలికి పొమ్మని చెప్పి, "ఎక్కు!" అన్నది. "యాడ దించాలక్కా?" అని పైనుంచి ఆయన అడిగితే, "మొత్తం" అన్నది.

సాయంత్రం మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి పైకి చూశారు. ఇంట్లోంచి ఆకాశం కనబడుతోంది. ఒక కాకి గోడ మీద కూర్చుని మా మంచం వైపు చూస్తోంది.

"అమ్మా, ఏందిది?"

"పెంకులు దింపిచ్చిన."

"పోదామంటే ఒప్పుకుంటివి గదా!"

"ఇప్పుడు సుత ఒప్పుకుంటున్న. నువ్వు నీ పెండ్లాన్ని తీస్కొని పో. నేను కప్పేయించుకొని వెనుక వస్త."

తల్లిని కప్పు లేని ఇంట్లో వదిలి ఏ కొడుకు పోతాడు? ఆయన కోపంతో ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు. అత్తమ్మ మాత్రం వాకిట్లో పెంకుల గుట్ట ముందు పీట వేసుకుని కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టుకుంది. ఒక్కొక్క పెంకు చేతిలోకి తీసుకుని కణుపుతో కొట్టాలి. ఖంగుమంటే మంచిది, ఒక పక్కన పేర్చాలి. చప్పగా మోగితే లోపల చీలిక ఉన్నట్టు, దాన్ని వేరే పడేయాలి. నేను కొట్టినవి ఆమె మళ్లీ కొట్టేది కాదు. ఆ ఇంట్లో నా మాట మొదటిసారి చెల్లింది అక్కడే.

ఆ పని చేస్తూనే చెప్పింది. "నేను నీ ఈడున్నప్పుడు ప్లేగొచ్చింది బిడ్డా. ఊరు ఖాళీ చేయమన్నరు. తాళమేసి పోయి బయట గుడిసెలల్ల ఉన్నం. తిరిగొచ్చి చూస్తె తాళం ఏసింది ఏసినట్లే ఉన్నది. తలుపు తెరిస్తె లోపల చెరువున్నది. ఎవడు రాలె, ఎవడు దోచలె. ఒక్క పెంకు జారింది, అంతే. వాన ఆడికెల్లి దూరి, కట్టె తిని, గోడ తిని, మీ మామ తల్లి పెట్టెల ఉన్న బట్టలు తిన్నది. మనిషి లేకపోతే ఇల్లు ఎట్ల పోతదో నేను చూసిన. నాకు వేరే భయం లేదు."

మళ్లీ ఒక పెంకు కొట్టి విని, "ఇది మీ మామ తెచ్చింది. ఇంక మోగుతున్నది చూడు" అన్నది.

మంచి పెంకులు ముందింటికే సరిపోయాయి. చాచా దొరికిన వెదురుతో అంతవరకు కప్పాడు. వెనుక వంటింటి మీద బొల్లారం వైపు నుంచి ఎప్పుడో తెచ్చి పెట్టుకున్న పాత మిలిటరీ డేరా గుడ్డ కట్టారు. ముదురాకుపచ్చది. వానలు మొదలయ్యాక దాని కింద వంట చేస్తుంటే మైనం వాసన, తడి గుడ్డ వాసన, పొగ అన్నీ కలిసి తల తిరిగేది. నీళ్లు నిండి గుడ్డ పొట్టలా కిందికి దిగేది. చీపురు కర్రతో పైకి పొడిచి నీళ్లు అవతలికి పారబోసేదాన్ని. గుమ్మం పక్కన పెట్టె అలాగే ఉంది. మా ఆయన దాన్ని విప్పనిచ్చేవారు కాదు.

భాద్రపదంలో విమానాలు తిరిగాయి. యూనియన్ సైన్యం వస్తోందట, సరిహద్దు దాటిందట అని గల్లీ అంతా అదే మాట. ఆ రోజుల్లో ఒక ఉదయం మా వాకిట్లోకి జనం వచ్చారు. ముందు ఎదురింటి సేటు. "ఓ పెద్దమ్మా, ఆ గుడ్డ తీసెయ్. పైనుంచి చూస్తె ఫౌజు డేరా లెక్క కనబడుతున్నది. నీ ఇంటి మీద బాంబేస్తె మా ఇల్లు సుత పోతది."

"తీస్తె నా పొయ్యి మీద వాన పడుతది. నువ్వు వండి పంపుతవా?"

"పరాచికాలు కాదు పెద్దమ్మా. పిల్లలున్నరు మాకు."

అత్తమ్మ పైకి చూసింది. వాళ్ల ముఖాలు చూసింది. వాళ్ల భయం అబద్ధం కాదు. గుడ్డ తీస్తే వంటిల్లు పోతుంది, ఉంచితే గల్లీకి నిద్ర లేదు. మా ఆయన "నేను చెప్పిన గదా, అప్పుడే పోవాలె అని" అంటూ వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. అత్తమ్మ లోపలికి వెళ్లింది. గుమ్మం పక్కన ఉన్న పెట్టె తెరిచింది. బెజవాడకని సర్దిన చీరలన్నీ రెండు చేతులతో తీసుకొచ్చింది.

"చాచాను పిలువుండ్రి. డేరా మీద ఇవి పరిపిస్త. ఫౌజోళ్లు ఎక్కడన్న చీరలు ఆరేసుకుంటరా?"

ముందు ఖాలా గోడ అవతల నుంచి నవ్వింది. ఆ నవ్వుతో అందరూ కదిలారు. ఎర్రవి, పసుపువి, గళ్లవి, పూల దుప్పట్లు, ఇంటింటి నుంచీ వచ్చాయి. ఖాలా ఒక దుప్పటి గోడ మీదుగా అందిస్తే, "ఆకుపచ్చది వద్దు చెల్లే, మల్ల డేరా అయితది. ఇంకో రంగు తే" అన్నది అత్తమ్మ.

చాచా వచ్చాడు. గల్లీలో నిలబడి ఎప్పటిలాగే, "పైకెక్కుతున్న! పర్దా చూస్కోండ్రమ్మా!" అన్నాడు.

సేటుకు ఒళ్లు మండింది. "పైన విమానాలు తిరుగుతుంటె ఇంక పర్దా ఏందయ్యా? ఎక్కు జల్ది!"

"గా విమానమోడు చెప్పకుండ ఎక్కిండు. మనం సుత గట్లనే చేస్తమా?" అన్నది అత్తమ్మ. గోడ దగ్గరికి వెళ్లి కనుక్కుని, తీరిగ్గా, "ఎక్కు!" అన్నది.

చీరలు చాలక ఒక మూల ఆకుపచ్చ కనబడుతోంది. అత్తమ్మ నా వైపు తిరిగింది. "నీ పెండ్లి చీర సుత తే బిడ్డా. ఎర్రగ మంచిగ కనబడ్తది." తెచ్చి ఇచ్చాను. సైన్యం వచ్చేదాకా అది మా వంటింటి మీదే తడిసింది. దాని అంచుకు డేరా మైనం మరకలు ఇప్పటికీ ఉన్నాయి. పెట్టెలోకి మాత్రం చీరలు మళ్లీ వెళ్లలేదు. ఆరినవి ఆరినట్టు దండెం మీదికి చేరాయి. బెజవాడ మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు.

బొల్లారం రోడ్డు మీదుగా సైన్యం వచ్చింది. జనం దండలు పట్టుకుని పరుగెత్తారు. మేము కుదుటపడ్డాం అనుకున్నాను. కానీ భయం మా ఇంట్లోంచి లేచి పక్కింట్లో కూర్చుంది. ఖాలా ఇంటి తలుపు తెరుచుకోవడం లేదు. ఇల్లు అమ్మి కరాచీ పోదామని వాళ్ల ఇంట్లో మగవాళ్లు అంటున్నారని తెలిసింది. ఒకరోజు అత్తమ్మ గోడ దగ్గర నిలబడి పిలిచింది.

"చెల్లే, మీ కప్పు ఎప్పుడు దింపుతున్నరు?"

గోడ అవతల నుంచి ఖాలా గొంతు వచ్చింది. "ఏం దింపుడక్కా. ఉంటమో పోతమో ఎరుకలేదు. శానా పరేషాన్ల ఉన్నం."

"దింపితె ఎరుకైతది" అన్నది అత్తమ్మ.

వానలు వెనుకబట్టాక వాళ్ల పెంకులు దిగాయి. పగలంతా అత్తమ్మ ఆ వాకిట్లోనే పీట వేసుకుని కూర్చుని పెంకులు కొట్టి చూసింది. వాళ్లు ఇక్కడే ఉన్నారు.

తర్వాత బజారులో రేకులు దొరకడం మొదలైంది. మా ఆయనకు వాటి మీద మనసు. "ఒక్కసారి ఏస్తె ఏండ్లకేండ్లు చూడబనిలేదు. ఏటా ఈ తక్లీఫ్ ఎందుకు?" అనేవారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అత్తమ్మ ఏటా ఏదో ఒకటి చెప్పి దాటేసేది. వంటింటి మీద డేరా గుడ్డ తీసి పాత పెంకులే ఎక్కడెక్కడివో కూర్చి వేయించింది. కారేది. గిన్నెలు పెట్టేవాళ్లం. పోయినేడు ఆయన గట్టిగా నిలదీస్తే, నా ముందే ఇలా అన్నది.

"రేకుల కింద వాన పడితె ఒకరి మాట ఒకరికి ఇనబడదురా. నీ పెండ్లాం మాట్లాడేదే గింతంత. ఇప్పుడే రెండుసార్లు అడుగుతున్న. రేకులేస్తె ఈమె మాట ఎవరు ఇంటరు?"

ఆయన నవ్వేశారు. నాకు అది ఎత్తిపొడుపులా తగిలింది. ఆ రోజంతా ముఖం ముడుచుకుని తిరిగాను. ఇప్పుడు ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. వాన పడుతున్నప్పుడు ఆమె నా పక్కనే వచ్చి కూర్చోవడం, తల ఒక పక్కకు వంచడం గుర్తొస్తున్నాయి. పెంకు మోత వినేటప్పుడు ఎలా వంచేదో అచ్చం అలాగే. నేను చెప్పేది ఎంత మెల్లగా చెప్పినా చివరిదాకా వినేది. ఈ ఇంట్లో అలా విన్నది ఆమె ఒక్కతే.

కర్మలన్నీ అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఒక పక్క మబ్బులు పడుతున్నాయి. నిన్న ఉదయం మా ఆయన అరుగు మీద కూర్చుని, "రేకులకు మాట్లాడొస్త. చాచాకు ఇంక రావద్దని చెప్పాలె. అమ్మ ఉన్నన్ని రోజులు అమ్మ మాట నడిచింది" అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. రేకుల గురించి మాట్లాడుతున్నారే కానీ చూపు ఖాళీ మంచం మీద ఉంది. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. పెంకులే ఉంచుదామని అనాలనుకుని అనలేకపోయాను.

అప్పుడే గల్లీలో నిచ్చెన నేలకు ఆనిన చప్పుడైంది. కబురు పంపకుండానే, మబ్బులు చూసి చాచా వచ్చేశాడు. "అక్కా, పైకెక్కుతున్న! పర్దా చూస్కోండ్ర..." అని కేక మొదలుపెట్టి, మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయాడు. జవాబు ఇవ్వవలసిన గొంతు లేదు. మా ఆయన చెప్పులు తొడుక్కుంటున్నారు, చాచాను వెనక్కి పంపడానికి.

నేను వాకిట్లోకి వెళ్లాను. గోడ మీదుగా, "ఖాలా, లోపలికి పోండి" అన్నాను. ఆమె నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. అటు వరస ఇళ్లలోనూ అడిగాను. పరాయి మగవాడితో అంత గట్టిగా మాట్లాడడం నా జన్మలో లేదు.

"ఎక్కు చాచా!" అన్నాను.

బజారు మలుపు దాకా పోయిందో లేదో తెలియదు. మా ఆయన మాత్రం ఒక చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కాసేపటికి దాన్ని కింద పెట్టి, నిచ్చెన పట్టుకోవడానికి వెళ్లారు.

నేను ఇంట్లోకి వచ్చి అత్తమ్మ మంచం పక్కన నిలబడ్డాను. పైన చాచా మొదటి పెంకు లేపాడు. అరచేతి వెడల్పున ఎండ జారి, సరిగ్గా ఆమె తల పెట్టుకునే చోట పడింది. పైనుంచి కణుపుతో కొట్టిన చప్పుడు వినబడింది. నేను తల ఒక పక్కకు వంచి విన్నాను. ఇంకా మోగుతోంది.